ముందు గాలి, ఆ తర్వాతే ఎండ

యువరాణి ఏ బండి ఎక్కినా ముందు తల పైకెత్తి చూస్తుంది. బస్సయినా, షేర్ ఆటో అయినా, పెళ్ళికి మాట్లాడుకున్న వ్యానయినా అంతే. కూర్చోడానికి చోటుందా లేదా అన్నది తర్వాతి సంగతి. పైన గుడ్డ ఎక్కడ జారింది, ఏ మూల ఉబ్బింది, అతికించినవాడు ఎంత తొందరలో ఉన్నాడు, ఒక్క చూపులో ఆమెకు తెలిసిపోతుంది. నలభై దాటిన మనిషి. పొట్టి. ఏళ్ళ తరబడి వెల్లకిలా పడుకుని, చేతులు పైకి చాచి పని చేసినందువల్ల మెడ వెనక ఎముక కాస్త పొడుచుకొచ్చి ఉంటుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ దగ్గుతుంది. దగ్గు ఆగాక, ఏ మాట దగ్గర ఆపిందో ఆ మాటనే మళ్ళీ అందుకుంటుంది. ఈ కథ నేను ఆ దగ్గుల మధ్యనే విన్నాను.

ఆమె నాయన మునిరాజ్ తిరువళ్ళూరులో, తిరుత్తణికి పోయే రోడ్డు మీద కుషన్ షాపు పెట్టినవాడు. సీట్లు కుట్టడం ఎవరైనా చేసేదే. మునిరాజ్‌కు పేరొచ్చింది రూఫ్ గుడ్డతో. కారు లోపల నెత్తి మీద ఒక అట్ట ఉంటుంది. ఆ అట్టకు పలచని స్పాంజి, స్పాంజికి గుడ్డ. కారు పాతబడేకొద్దీ, మన వైపు ఎండకు, ఆ స్పాంజి మాగి తవుడవుతుంది. ఇక గుడ్డకు పట్టు ఉండదు. ముందు మధ్యలో కడుపులా దిగుతుంది, తర్వాత వెనక కూర్చున్నవాళ్ళ తలల మీద పడుతుంది. కొందరు గుండుసూదులు గుచ్చుకుని కొన్నాళ్ళు నెట్టుకొస్తారు. మిగతా షాపులవాళ్ళు అట్టను ఊడదీసి, డోర్లోంచి బయటికి లాగి, బల్ల మీద పెట్టి కొత్త గుడ్డ అంటిస్తారు. కొత్త కారుకు అది సరే. పాత కారు అట్టను వంచితే అప్పడంలాగా విరుగుతుంది. అందుకని మునిరాజ్ అట్టను కదిలించేవాడు కాదు. సీట్లు విప్పి బయట పెట్టి, కారులోనే పడుకుని, కొబ్బరి పీచుతో పాత తవుడంతా రాల్చి, అక్కడే అంటించేవాడు.

ఆయనకు ఒళ్ళు పెరిగి కారులో పట్టకుండా పోయాక, ఆ చోట్లోకి కూతురు దూరింది. కంట్లో తవుడు, ముక్కులో తవుడు. "నోరు మూసుకో, కండ్లు తెరువు" అని బయటినుంచి నేర్పించేవాడు నాయన. ఆయనకు ఒకే ఒక సూత్రం ఉండేది: ముందు గాలి, ఆ తర్వాతే ఎండ. సొల్యూషన్, అంటే అంటించే జిగురు, పూశాక డోర్లన్నీ తీసిపెట్టి, లోపలికి గాలి ఆడనివ్వాలి. గాలి ఆడకపోతే పైన ఆరినట్టు కనిపించి లోపల పచ్చిగా ఉండిపోతుంది. గాలికి పూర్తిగా ఆరాక, అప్పుడు బండిని మిట్టమధ్యాహ్నం ఎండలో నిలిపి, అద్దాలన్నీ ఎక్కించి, అంటించిన మనిషి లోపల పడుకోవాలి. పట్టు వదిలే గుడ్డ వదిలేముందు టిక్కుమని చిన్న చప్పుడు చేస్తుందట. ఆ చప్పుడు లోపలున్నవాళ్ళకే వినిపిస్తుంది. చెమటలో తడిసి, చెవులు రిక్కించి, చప్పుడు రాలేదని రూఢి చేసుకున్నాకే బండి అప్పగించేది.

ఎదురుగా టీ కొట్టు దేవేంద్రన్‌కు ఇది పెద్ద వేడుక. యువరాణి ఎండలో కారులో పడుకుందంటే చాలు, కొట్టులోంచి కేక వేసేవాడు.

"ఒరేయ్, సద్దు చెయ్యబాకండ్రా! రాణమ్మ పల్లకీలో పండుకోనుంది!"

పెళ్ళి చేసి తామరైపాక్కం పంపారు. మొగుడు లారీ తోలుతూ తోలుతూ ఇంకో ఊళ్ళో ఇంకో ఇంటికి అలవాటు పడ్డాడు. ఆమె తిరిగొచ్చి మళ్ళీ కార్లలో పడుకుంది. మునిరాజ్ పోయాక షాపు తమ్ముడు ఆనందరాజ్‌ది అయింది. ఆనందరాజ్‌కు రూఫ్ గుడ్డ పట్టుబడలేదు. అతను అంటిస్తే ముడతలొచ్చేవి. కానీ మాట పట్టుబడింది. ముందు కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్ళతో మాట్లాడేది అతను. "రూఫ్ ఎవురు చేస్తారు?" అని ఎవరైనా అడిగితే, "మా ఆళ్ళుండారు సార్, లోపల" అనేవాడు. ఆడమనిషి చేస్తుందంటే నమ్మరని అతని వాదన. వాళ్ళమ్మ కస్తూరమ్మ కూడా అదే అనేది. షాపు వెనక గదిలో ఉండేది ఆమె. "నీకెందుకు మే ఆ పేరు? వాడు మగోడు, వాడికి కావాల పేరు" అని కూతురికి అన్నం పెడుతూ చెప్పేది.

ఇలా ఉండగా తిరుత్తణిలో, కొండకు పోయే దోవలో, ఒక షట్టరు ఆనందరాజ్ చేతికొచ్చింది. అక్కడ ఇంకో కుషన్ షాపు పెట్టాలని అనుకున్నాడు. ఆ షట్టరు తాళంచెవికి ఎర్రదారం కట్టి, నడుముకు వేలాడే గుత్తిలో వేసుకున్నాడు.

"అక్కా, ఈ సావి నీకే. ఆడికిర్తిక పనులు ముగియనీ. నువ్వే ఆడ కూచోని చూసుకో."

యువరాణి ఆ మాటను పట్టుకుంది. తిరుత్తణిలో తనది అనే చోటు ఉంటుంది. డోర్లు బార్లా తీసిపెట్టుకుని పని చేసుకోవచ్చు. వచ్చినవాళ్ళు తనతోనే మాట్లాడతారు. ఆమె ఆశ అంతే. ఆనందరాజ్‌కు అది తెలుసు. కష్టమైన పని ఏదైనా ఆమెతో చేయించుకోవాలంటే మాటలు కూడా అక్కర్లేదు, గుత్తిని ఒకసారి గలగలలాడించేవాడు.

ఆడి కృత్తిక అంటే తమిళ ఆడి నెలలో తిరుత్తణి కొండ మీది మురుగన్‌కు జరిగే పండగ. దానికి ముందురోజుల్లో పాండూరు జయరామ్ కారు తెచ్చాడు. జయరామ్‌ది పొలాలున్న కుటుంబం, పైగా ఉద్యోగం. కారు వాళ్ళ నాయన నాటిది, అమ్మడానికి మనసొప్పదు. రూఫ్ గుడ్డ పూర్తిగా జారిపోయి, వెనక సీట్లో కూర్చునే వాళ్ళమ్మ రంగనాయకమ్మ నెత్తిన ముసుగులాగా పడుతోంది. వేరే షాపువాళ్ళు అట్ట విరుగుతుందని చేతులెత్తేశారు. జయరామ్ మాల వేసుకుని ఉన్నాడు. పసుపు పంచె, పసుపు కండువా, మెడలో మాల, నుదుట విభూతి. మాలలో ఉన్నవాళ్ళను పేరుతో పిలవరు, ఎవరైనా సామే.

"ఆనందూ, కావడి ఈ బండ్లోనే తిరుత్తణికి పోతాది. మురుగన్‌కు మొక్కుకున్న నెమలీకల కావడి. బండి మడిగా ఉండాల. ఆడోళ్ళ చెయ్యి పడకూడదు, చెప్తా ఉండా."

"అయ్యో సామీ, మా కాడ ఆడోళ్ళకేం పని? ఒక అక్క ఉంది, సీట్లు కుట్టుకుంటా సుమ్మా ఊరికే ఒక మూలన పడుంటాది."

ఆ మూలనున్న అక్క కుట్టుమిషను మీద నుంచి తల ఎత్తలేదు. సామి వెళ్ళాక ఆనందరాజ్ ఆమె దగ్గరికొచ్చి గుత్తి గలగలలాడించాడు.

కారును షాపు పక్కన గోడ వారగా నిలిపి, అద్దాలన్నిటికీ లోపలినుంచి పేపర్లు అంటించాడు ఆనందరాజ్. లారీల దుమ్ము సొల్యూషన్ మీద పడకుండా మామూలుగా రోడ్డు వైపు అద్దాలకే పేపరు వేస్తారు. ఈసారి నాలుగు వైపులా వేశాడు. గోడవైపు డోరు ఒక్కటే తీసి పెట్టి, దానికి ఎదురుగా ఫ్యాను పెట్టాడు. యువరాణి ఆ డోర్లోంచి దూరింది. పాత గుడ్డ లాగేసింది, తవుడు రాల్చింది, అట్టకు ఒక చేయి, గుడ్డకు ఒక చేయి సొల్యూషన్ పూసింది. వేలికి అంటుకోనంతగా ఆరేదాకా ఆగి, మధ్యనుంచి అంచులకు మణికట్టుతో ఒత్తుకుంటూ ముందు సగం ముగించింది. అరచేయి వాడదు, అరచేతి చెమట గుడ్డ మీద మచ్చ వేస్తుంది. వెనక సగం అప్పుడే ఎత్తి పట్టుకుంది. పట్టుకున్నాక వదలడానికి లేదు. వదిలితే సొల్యూషన్ దానికదే అంటుకుని ముద్దవుతుంది.

అప్పుడు జయరామ్ వచ్చాడు. సాయంత్రం వస్తానన్నవాడు మధ్యాహ్నమే వచ్చాడు. స్కూటర్ చప్పుడుకు ఆనందరాజ్ పరుగున వచ్చి డోర్లోకి తల పెట్టాడు.

"సామి వచ్చేసినాడు. నోరు తెరిచినావంటే సావి లేదు, చూసుకో."

ఫ్యాను ఆపేశాడు. డోరు మూసి, దానికి నడుము ఆనించి నిలబడ్డాడు.

మూసిన కారులో, ఆడి నెల మధ్యాహ్నం, నెత్తి మీద పచ్చి సొల్యూషన్‌తో ఆమె ఉండిపోయింది. ముందు కళ్ళు మండాయి. తర్వాత గొంతు. బయట మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి.

"ఎంతైంది ఆనందూ?"

"అయిపోవచ్చింది సామీ. తెరిస్తే దుమ్ము పడతాది, చూడబాకండి."

"మీ ఆళ్ళు చేస్తా ఉండారన్నావే, యాడుండారు?"

"అన్నానికి పొయ్యినారు సామీ."

"సెరి సెరి. ఒక టీ తెప్పీ. పాలు మాత్రం కాచినవిగా ఉండాల." జయరామ్ కారుకు ఆనుకున్నట్టున్నాడు, బండి ఒక పక్కకు వంగింది. "మా ఇంట్లో చూడు, నేను మాల ఏసినప్పటాల్నుంచి ఆడోళ్ళను వంటింటి పక్కకే రాబాకండన్నా. నేనే వండుకుంటా ఉండా. మా యమ్మ ఒక్కటే నగతాది. మడి అంటే ఏందో ఈ కాలం ఆడోళ్ళకు యాడ తెలుస్తాది?"

అని రూఫ్ మీద అరచేత్తో దభీమని చరిచాడు. సరిగ్గా ఆమె ముఖం మీదుగా.

దేవేంద్రన్ టీ తెచ్చాడు. గ్లాసు కారు మీద పెట్టిన చప్పుడు. జుర్రుమని తాగిన చప్పుడు. ఒక గుక్కకూ ఇంకో గుక్కకూ నడుమ జయరామ్ పోయినేడాది కావడి గురించి, దాని నెమలీకల గురించి, దోవలో మజ్జిగ పందిళ్ళ గురించి చెప్పుకుపోతున్నాడు. యువరాణికి దగ్గు వచ్చింది. చేతులు ఖాళీ లేవు. భుజం మీది చీర కొంగును పళ్ళతో లాక్కుని నోట్లో కుక్కుకుంది. అయినా కొంచెం బయటపడింది.

"ఏందది? లోపల ఎవురో దగ్గినట్టుండాదే?"

"గుడ్డ సామీ, బిగుసుకుంటా ఉండాది. అట్నే టిక్కు టిక్కుమంటాది. మా నాయిన చెప్పేటోడు" అన్నాడు ఆనందరాజ్, నాయన మాటను తిరగేసి.

"ఓహో" అని జయరామ్ ఇంకో గుక్క తాగాడు.

అతను వెళ్ళేలోపే ఆమె వెనక సగాన్ని ఆ పచ్చి మీదే ఒత్తేసింది. అతను వెళ్ళాక డోరు తెరుచుకుంది. ఆమె సగం బయటికి జారి, కాలువలోకి వాంతి చేసుకుంది. ఆనందరాజ్ వంగి ముందు కారులోపల చూశాడు, లోపల ఏమైనా పడిందేమోనని. రోడ్డు అవతలినుంచి దేవేంద్రన్ ఊరుకోలేదు.

"ఏంది రాణమ్మా, ఈ వయసులో వాంతులు? మాకు చెప్పనే లేదే!"

నలుగురు నవ్వారు. ఆనందరాజ్ కూడా నవ్వాడు, నవ్వకపోతే డోరు ఎందుకు మూశావని అడుగుతారన్నట్టు.

నీళ్ళు పుక్కిలించి, యువరాణి చెప్పాల్సిన మాట చెప్పింది.

"వెనక పక్క పట్టలేదురా. పైన ఆరింది, లోపల పచ్చిగానే ఉండాది. గాలి యాడ ఆడనిచ్చినావు? డోర్లు తీసి రెండు దినాలన్నా పెట్టాల."

"రేప్పొద్దున సామి పోవాల."

"పడిపోతాది ఆనందూ. ఎండలో పెడితే పడిపోతాది."

"నీ చెయ్యి పడినాక పడిపోయేదేంది? ఏందక్కా, సావి కావాల్నా, వద్దా?"

ఆమె మిషను దగ్గరికి పోయింది. మర్నాడు పొద్దున జయరామ్ కారుకు నిమ్మకాయలు కట్టి, కర్పూరం వెలిగించి తోలుకుపోతుంటే మిషను ముందు కూర్చుని చూసింది. లేచి వెళ్ళి ఆ ఒక్క మాటా ఆయనకు చెప్పి ఉంటే బండి ఆగేది. చెబితే తాళంచెవి పోతుంది. కూర్చునే ఉంది.

కనకమ్మసత్రం దాటాక బండ్లు చీమల బారులా నడుస్తున్నాయట. కాలినడక భక్తులు రోడ్డంతా నిండిపోయారు. జయరామ్ ఒక మజ్జిగ పందిరి దగ్గర కారు ఎండలో నిలిపి, అద్దాలెక్కించి, అమ్మకు మజ్జిగ తాగించి తెచ్చాడు. మళ్ళీ కదిలి ఒక స్పీడ్ బ్రేకరు ఎక్కి దిగేసరికి, వెనక సగం ఊడి కిందపడింది. గుడ్డ ఒక్కటే పడితే దులిపేసుకోవచ్చు. సొల్యూషన్ లోపల పచ్చిగా, ఎండకు కరిగి, జిగురుగా ఉంది. వెనక సీట్లో నిలబెట్టిన కావడి మీదా, దాని పక్కన కూర్చున్న రంగనాయకమ్మ మీదా పడి అతుక్కుంది. జయరామ్ దిగి గుడ్డ లాగాడు. నెమలీకలు గుడ్డతోపాటు వచ్చేశాయి. ఇంకా లాగాడు. వాళ్ళమ్మ కెవ్వుమంది. కాలినడక గుంపు చుట్టూ మూగి "అరోహరా!" అని అరిచింది. అది భక్తితో అరిచింది కాదు. తిరుత్తణిలో గుండ్లు గీసే మంగలాయన చేతనే రంగనాయకమ్మ వెనక జుట్టంతా కత్తిరించాల్సి వచ్చింది. బోడి కావడి మోసుకుని జయరామ్ కొండెక్కాడు.

దిగొచ్చి నేరుగా షాపుకే వచ్చాడు. గుడ్డను బయటికి లాగి రోడ్డు మీద పడేశాడు. దానికి నెమలీకలు, నెరిసిన వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. టీ కొట్టు మొత్తం లేచి వచ్చింది.

"ఇదేనా రా నీ పని? ఎవురు చేసినారు? పిలువు ఆళ్ళను!"

ఆనందరాజ్ ఒకసారి అటూ ఇటూ చూశాడు.

"సామీ, నా తప్పు లేదు సామీ. నేను బయటికి పొయ్యినప్పుడు మా అక్క నాకు తెలీకుండా లోపలికి దూరి చెయ్యి పెట్టేసింది. నాకిప్పుడే తెలిసింది. మురుగన్ మింద ఒట్టు."

ఏ మాట బయటపడకూడదని ఆమె కొంగు నోట్లో కుక్కుకుందో ఆ మాటను తనే రోడ్డు మీద పెట్టేశాడు.

జయరామ్ యువరాణి వైపు తిరిగాడు. అంతమంది మగవాళ్ళ ముందు, గొంతు కూడా తగ్గించకుండా అడిగాడు: "ఆ పొద్దు నువ్వు బయట ఉండినావా? దూరంగా ఉండాల్సిన దినాలా? చెప్పు!"

ఎవరో కిసుక్కున నవ్వారు. గదిలోంచి కస్తూరమ్మ వచ్చింది. కూతుర్ని చేయి పట్టుకుని కారు ముందుకు లాక్కొచ్చింది.

"లెంపలేసుకో మే. సామి కోపం మనింటి మింద పడతాది. నీ తమ్ముడు పిల్లలు గల్లోడు. లెంపలేసుకో!"

ఆనందరాజ్ కర్పూరం తెచ్చి కారు ముందు వెలిగించాడు. యువరాణి అందరి ఎదుటా లెంపలేసుకుంది. కర్పూరం ఆరిపోయేదాకా వేసుకోమన్నారు. వేసుకుంది.

అంతా అయ్యాక ఆనందరాజ్, సామికి వినబడేలా, "ఇంక సావి మాట ఎత్తబాకు. సామి కొండ కింద నీ చెయ్యి పడేదానికి లేదు. మా బామ్మర్దికి ఇస్తా ఉండా" అన్నాడు.

సామి కోపం చల్లారింది గానీ కారుకు రూఫ్ లేదు. జయరామ్ ఇంకెక్కడెక్కడో తిప్పాడు. అందరూ అట్ట విరుగుతుందన్నారు. ఆనందరాజ్ తనే దూరి ఒకసారి అంటించాడు. చింతపండు పిసికినట్టు వచ్చింది. కొన్నాళ్ళకు జయరామ్ మళ్ళీ షాపు ముందు దిగాడు. మాల తీసేశాడు, తెల్ల చొక్కా, తెల్ల పంచె. నేరుగా మిషను దగ్గరికే వచ్చాడు, అప్పుడేమీ జరగనట్టు.

"నువ్వే చేసెయ్ మ్మా. మాల తీసేసినా గదా, ఇప్పుడు ఎవురు ముట్టుకున్నా పర్వాలే."

యువరాణి కుడుతున్న దారం కొరికి తెంపింది.

"చేస్తాలే అన్నా. రోడ్డు పక్కన పెట్టి, నాలుగు డోర్లూ తీసి చేస్తా. అయినాక మాత్రం నువ్వూ మా తమ్ముడూ లోపల కూచోని, అద్దాలెక్కించి, ఎండలో చూసుకోవాల. చప్పుడొస్తాదో లేదో మీ చెవులతోనే వినాల. మళ్ళీ నా చెయ్యి మింద నింద రాకూడదు."

"సెరి, దానికేం!" అన్నాడు జయరామ్. ఆనందరాజ్ కూడా తలూపాడు. ఊపకపోతే కారు వెళ్ళేట్టు లేదు.

టీ కొట్టుకు ఎదురుగా, అందరూ చూస్తుండగా చేసిందామె. ఆనందరాజ్ అంటించిన చింతపండునంతా గీకి పారేసింది. ఫ్యాను పెట్టి, డోర్లు తీసి, రెండు పగళ్ళూ రెండు రాత్రులూ గాలి ఆడనిచ్చింది. మూడోరోజు పొద్దున తనే లోపల పడుకుని అద్దాలెక్కించి చూసుకుంది. పైన గుడ్డ తామరాకులా నున్నగా, ఎక్కడా కదలకుండా ఉంది. పట్టేసింది. ఇంక ఏ పరీక్షా అక్కర్లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం జయరామ్ వచ్చాడు. వెంట రంగనాయకమ్మ, తలకు గుడ్డ కట్టుకుని. ఆమెకు నీడలో స్టూలు వేసింది యువరాణి. మగవాళ్ళిద్దరూ వెనక సీట్లో కూర్చున్నారు. అద్దాలెక్కాయి. డోర్లు మూసింది. రోడ్డువైపు వెనక డోరు పాతబడి బయటినుంచే తెరుచుకుంటుంది. గోడవైపు డోరుకు తన నడుము ఆనించి నిలబడింది.

"ఎవురూ డోరు ముట్టుకోబాకండి," టీ కొట్టు గుంపుతో అంది, "లోపల సామీ, మా తమ్ముడూ మడిలో ఉండారు."

దేవేంద్రన్ పగలబడి నవ్వాడు. నిన్నటిదాకా ఆమెను చూసి నవ్విన నోరే. "ఓ రాణమ్మా! పల్లకీ ఎక్కించినావే ఇద్దర్నీ!"

"ఒక టీ తెచ్చీ అన్నా. ఈడికే."

గ్లాసు కారు మీద పెట్టింది. కాసేపటికి లోపలినుంచి తట్టారు. జయరామ్ ముఖం అద్దంలో చెమటతో మెరుస్తోంది.

"చాలా మ్మా?"

"మాట్లాడకుండా విను అన్నా. మాట్లాడితే చప్పుడు యాడ వినిపిస్తాది?"

రోడ్డంతా చూస్తోంది. జయరామ్ దిగితే తనే భయపడ్డట్టు. కూర్చున్నాడు. ఆనందరాజ్ చొక్కా గుండీలు విప్పుకున్నాడు. ఒకసారి డోరు నెట్టబోయాడు. అక్క నడుము కదల్లేదు. రంగనాయకమ్మ స్టూలు మీదినుంచి చూస్తూ, చేత్తో తల మీది గుడ్డ సర్దుకుంది.

"ఉండనీ మే, ఇంకొంచెంసేపు ఉండనీ. నా వెంట్రుకలు పొయ్యింది ఎవురి మడి వల్ల? వండుకున్న్యాడంట వేరేగా! ఉప్పు యాడుందో నన్నడిగి!"

గుంపు గొల్లుమంది. లోపల ఆనందరాజ్ అద్దం ఒక వేలంత దించాడు. ఆ సందులో మూతి పెట్టి గాలి పీల్చుకున్నాడు.

"అక్కా... చాలక్కా. తల తిరగతా ఉండాది."

"నాకూ తిరిగింది. ఎర్రదారం సావి ఇట్లియ్యి."

"అది... బామ్మర్దికి..."

"సెరి, అయితే కూచో."

పక్కనుంచి జయరామ్ అరిచాడు. "ఇచ్చెయ్ రా దానికి! నీ బామ్మర్ది వచ్చి కూచుంటాడా ఈడ? నేను సచ్చేట్టుండా!"

ఆనందరాజ్ గుత్తిలోంచి తాళంచెవి తీయబోయాడు. చెమటకు రెండుసార్లు జారింది. చివరికి ఎర్రదారం సందులోంచి బయటికి వచ్చింది. ఆమె లాక్కుని నడుములో దోపుకుంది. ఆనందరాజ్ డోరు తెరుచుకుంటుందని ముందుకు జరిగాడు.

"అద్దం ఎక్కించు," అంది యువరాణి. "వెనక పక్క ఇంకా పట్టలేదు. గాలి తగిలితే పట్టదు."

ఇప్పుడామె తిరుత్తణిలో, కొండకు పోయే దోవలో కూర్చుంటుంది. షట్టరు పైకి, కారు డోర్లు బార్లా. తమ్ముడు మాట్లాడడు. ఆ రోజు కారులోంచి అతన్ని ఇద్దరు పట్టుకుని దించాల్సి వచ్చింది. కస్తూరమ్మ కూతురి గడప తొక్కదు. "తోడబుట్టినోడి మింద అంత కసా? నీ మొగుడు ఊరికే పోలేదు మే" అని కబురు పంపింది. ఆ కబురును యువరాణి నాకు వాళ్ళమ్మ గొంతుతోనే చేసి వినిపించింది. మధ్యలో దగ్గు వచ్చింది. దగ్గి, "ఊరికే పోలేదు మే" దగ్గర మళ్ళీ అందుకుంది. సొల్యూషన్ వాసన ఇప్పుడామెకు తెలియదు. మల్లెపూల వాసనా తెలియదు. మూసిన కారులో తను గడిపిన ఆ మధ్యాహ్నంతో ముక్కు పోయింది.

జయరామ్ కారు ఇప్పటికీ పాండూరులో తిరుగుతోంది. రూఫ్ గుడ్డ ఎక్కడా జారలేదట.

తాళంచెవి చేతికొచ్చాక కూడా వాళ్ళను ఎంతసేపు లోపల ఉంచావక్కా, అని అడిగాను.

కొత్త గుడ్డ పరిచి, మణికట్టుతో ముడత సాపు చేస్తూ లెక్కచూసుకుంది.

"ఎక్కువసేపేం కాదులే. టీ తాగినంతసేపు." ముడత పోయింది. "బాగా వేడిగా ఉండింది. ఊదుకుంటా తాగినా."